వాచీ చెప్పే వేగం ఎంత నిజం?

సాయంత్రం ఏడు దాటాక ఏ పార్క్ కనెక్టర్ దగ్గర నిలబడి చూసినా మనవాళ్లు కనిపిస్తారు. పని నుంచి వచ్చి బూట్లు మార్చుకుని పరుగెత్తే అబ్బాయిలు, మాట్లాడుకుంటూనే చకచకా నడిచే పిన్నులు, పంగోల్ నుంచి సైకిలు మీద బయలుదేరి చాంగీ దాకా వెళ్లివచ్చే బాబాయిలు. అందరి మణికట్టుకూ ఒక వాచీ ఉంటుంది, లేకపోతే చేతికి కట్టుకున్న ఫోను ఉంటుంది. ఆగగానే అందరూ చేసే మొదటి పని ఒకటే. చెయ్యి ఎత్తి అంకె చూస్తారు. నీళ్లు తాగడం ఆ తర్వాత.

మీరూ అలా చూసేవారైతే ఈ వ్యాసం మీ కోసమే. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని ఎక్కడ నమ్మవచ్చు, ఎక్కడ నమ్మకూడదు అన్నది చెప్తాను. నేను బడిలో పాఠాలు చెప్పే మనిషిని. నాది గుడి తరగతుల్లో నేర్చుకున్న తెలుగు. కాబట్టి సైన్సు మాటలు వచ్చినచోట వీలైనంత మామూలుగానే చెప్తాను.

సారం ముందే చెప్పేస్తాను. ఆకాశం బాగా కనిపించే చోట, దూరం ఎక్కువగా ఉన్నప్పుడు, జీపీఎస్ వాచీ మీ సగటు వేగాన్ని బాగానే చెబుతుంది. ఈ సెకనులో ఎంత వేగంగా పోతున్నారో, రెండు మూడు కిలోమీటర్ల పరుగులో పది సెకన్లు తగ్గాయో పెరిగాయో చెప్పమంటే మాత్రం తడబడుతుంది. షికారుగా నడిచేవారికి దీనివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. 2.4 కిలోమీటర్ల పరీక్షకు తయారయ్యే మన పిల్లలకు మాత్రం ఉంది.

వాచీ నిజంగా కొలిచేది ఏమిటి?

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా చిన్నప్పుడు లెక్కపెట్టేవాళ్లం గదా. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరంలో పడిందో తెలిసేది. వాచీ చేసే పనీ ఇలాంటిదే. అక్కడ శబ్దం, ఇక్కడ రేడియో తరంగం.

అమెరికా వారి జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ఒక్కొక్కటి రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివస్తుంది. ప్రతి ఉపగ్రహంలోనూ అణు గడియారం ఉంటుంది. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని అది ఎడతెగకుండా చెబుతూనే ఉంటుంది. ఆ కబురు సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో వచ్చి, సెకనులో పదిహేనో వంతు కాలంలో మీ చేతికి చేరుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో చూసి వాచీ దూరం లెక్కకడుతుంది. ఈ లెక్కలో సెకనులో పదిలక్షల వంతు తప్పు జరిగినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. మన వాచీలో ఉన్నది అణు గడియారం కాదు, చవకైన క్వార్ట్జ్ గడియారం. అందుకే మూడు ఉపగ్రహాలు చాలవు. తన గడియారంలోని తప్పును సరిదిద్దుకోవడానికి దానికి నాలుగో ఉపగ్రహం కావాలి.

ఇప్పటి వాచీలు జీపీఎస్ ఒక్కదాని మీదే ఆధారపడవు. రష్యా వారి గ్లోనాస్, యూరప్ వారి గెలీలియో, చైనా వారి బేడో కూడా చాలా వాచీలు అందుకుంటాయి. భారతదేశానికి నావిక్ అనే సొంత ఏర్పాటు ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన ఆంధ్ర తీరంలోని శ్రీహరికోట నుంచే పైకి వెళ్లింది.

జీపీఎస్ అమెరికా సైన్యం తన కోసం కట్టుకున్నది. 2000 మే నెల మొదటి రోజుల దాకా మామూలు జనానికి అందే సిగ్నల్‌ను వాళ్లు కావాలనే చెడగొట్టి పంపేవారు. అప్పట్లో చోటు వంద మీటర్లు అటూ ఇటూ అయ్యేది. అలాంటి కొలతతో పరుగు వేగం చెప్పడం అయ్యే పని కాదు. ఆ అడ్డు తొలగించాక మూడేళ్లకు, 2003లో, గార్మిన్ కంపెనీ ఫోర్‌రన్నర్ పేరుతో పరుగువీరుల కోసం చేతికి కట్టుకునే పరికరం తెచ్చింది. ఇప్పుడు ఆరుబయట మామూలు స్మార్ట్‌ఫోను దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో చోటు చెబుతుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ సంస్థే అంటుంది.

అయిదు మీటర్లు అంటే ఒక కారు పొడవు కంటే కాస్త ఎక్కువ. మీ వాచీ మిమ్మల్ని బాటకు బదులు పక్కన ఉన్న కాలువలో పరుగెత్తించినట్టు మ్యాపులో గీత గీస్తుందే, దానికి కారణం ఇదే.

వేగానికి రెండు దారులు

చోటు తెలిస్తే వేగం ఎలా తెలుస్తుంది? మొదటి దారి అందరికీ తెలిసిందే. ఒక సెకను కింద ఎక్కడ ఉన్నారు, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అని చూసి మధ్య దూరం కొలవడం.

రెండో దారి ఇంకా తెలివైనది. అంబులెన్సు మన వైపు వస్తున్నప్పుడు సైరన్ కీచుగా వినిపిస్తుంది, దాటిపోగానే గొంతు తగ్గినట్టు ఉంటుంది. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు. ఉపగ్రహం పంపే 1575.42 మెగాహెర్ట్జ్ తరంగానికి కూడా ఇదే జరుగుతుంది. ఉపగ్రహం వైపుగా మీ వేగం సెకనుకు ఒక మీటరు మారితే ఆ తరంగం దాదాపు 5 హెర్ట్జ్ మారుతుంది. నూట యాభై కోట్లలో అయిదు! అంత చిన్న తేడాను మీ చేతి మీది చిప్పు పట్టుకోగలదు. ఆరుబయట ఈ పద్ధతిలో వచ్చే వేగం, చోట్ల మధ్య దూరం తీసి కట్టిన వేగం కంటే చాలా నిలకడగా ఉంటుంది.

అయితే చోటు అయిదు మీటర్లు తప్పినా దూరం సరిగ్గా ఎలా వస్తుంది? ఆరుబయట ఈ సెకనులో ఉన్న తప్పు తర్వాతి సెకనులోనూ దాదాపు అంతే, అటువైపే ఉంటుంది. మీ బాట మొత్తం అయిదు మీటర్లు పక్కకు జరుగుతుంది గానీ పొడవు పెద్దగా మారదు. తప్పు గంతులు వేయడం మొదలుపెట్టినప్పుడే చిక్కు వస్తుంది.

ముగ్గు వేసేవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. చెయ్యి వణక్కుండా ఒక గీత లాగండి. అదే గీత వణుకుతున్న చేత్తో లాగండి. రెండూ ఒకచోట మొదలై ఒకచోటే ముగిసినా, వంకర గీతకు పిండి ఎక్కువ పడుతుంది. జీపీఎస్ గీత కూడా అంతే. వణుకు ఉన్నంతసేపూ దూరం పెరుగుతూ పోతుంది. చోటులో వచ్చే చిన్న చిన్న తప్పులు దూరాన్ని ఉన్నదాని కంటే ఎక్కువ చేసి చూపిస్తాయని ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు 2016లో లెక్కకట్టి చూపించారు. దూరం ఎక్కువ చూపిస్తే అదే సమయానికి వేగమూ ఎక్కువే కనిపిస్తుంది. అందుకే వాచీ చాలాసార్లు మనల్ని మెచ్చుకుంటుంది!

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. మలుపులు ఎక్కువ ఉన్న బాటలో వాచీ కొన్ని సెకన్లకు ఒకసారి మాత్రమే చోటు రాసుకుంటే, మలుపును అడ్డంగా కోసేస్తుంది. అప్పుడు దూరం తగ్గుతుంది. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు పెట్టుకున్నవాళ్లకు ఇది తరచుగా జరుగుతుంది.

ఇంకొక మాట. గంతులను దాచడానికి వాచీ గత కొన్ని సెకన్ల లెక్కలను కలిపి సగటు చూపిస్తుంది. అందుకే మీరు వేగం పెంచిన వెంటనే అంకె మారదు. "ఇప్పటి వేగం" అని అది చూపించేది కాస్త పాతబడిన వేగమే.

"అత్యధిక వేగం" అనే అంకె సంగతి వేరే చెప్పాలి. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే మనిషి సెకనుకు 3.3 మీటర్లు కదులుతాడు. ఒక్క సెకనులో చోటు మూడు మీటర్లు ముందుకు గెంతితే ఆ సెకను వేగం గంటకు 22 కిలోమీటర్లు దాటిపోతుంది. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తినప్పుడు ఉసేన్ బోల్ట్ అందుకున్న అత్యధిక వేగం గంటకు 44 కిలోమీటర్ల పైచిలుకు. మీ వాచీ మిమ్మల్ని ఆయన పక్కన నిలబెడితే సంతోషించండి గానీ నలుగురికీ పంపకండి.

సింగపూరులో వాచీకి ఎదురయ్యే అడ్డంకులు

వాచీని తికమక పెట్టేవి అన్నీ మన చిన్న ద్వీపంలో ఒకచోట చేరాయి.

మొదటిది ఎత్తైన భవనాలు. రాఫెల్స్ ప్లేస్, షెంటన్ వే దగ్గర ఆకాశం సన్నని పట్టీలా కనిపిస్తుంది. ఉపగ్రహం నుంచి నేరుగా రావలసిన సిగ్నల్ అద్దాల గోడకు తగిలి, తిరిగి మన చేతికి చేరుతుంది. దారి పొడవైంది కాబట్టి ఉపగ్రహం ఉన్నదాని కంటే దూరంగా ఉందని వాచీ అనుకుంటుంది. నాలుగు అడుగులు వేయగానే ఆ అద్దం తప్పిపోయి ఇంకొక గోడ వస్తుంది, తప్పు కూడా మారిపోతుంది. నేను పైన చెప్పిన గంతులు ఇవే. హెచ్‌డీబీ బ్లాకుల మధ్య కూడా ఇది కొంత జరుగుతుంది.

రెండోది కప్పు. ఎక్స్‌ప్రెస్‌వే వంతెన కింద, అండర్‌పాసులో, కళ్లాంగ్‌లో నేషనల్ స్టేడియం చుట్టూ కప్పు కింద సాగే నడక దారిలో ఆకాశం సగమో మొత్తమో మూసుకుపోతుంది. అప్పుడు చాలా వాచీలు చేతి ఊపును బట్టి, అడుగుల లెక్కను బట్టి దూరాన్ని అంచనా వేస్తాయి. బయటికి రాగానే అసలు చోటు పట్టుకుని ఒక్కసారిగా గెంతుతాయి.

మూడోది చెట్లు. మెక్‌రిచీ రిజర్వాయర్ చుట్టూ ఉన్న దాదాపు 11 కిలోమీటర్ల అడవి బాటలో ఆకుల గొడుగు సిగ్నల్‌ను బలహీనం చేస్తుంది. ఆకులు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. బాట కూడా వంకరలు తిరుగుతుంది కాబట్టి వణుకు వల్ల పెరిగేది, మలుపులు కోయడం వల్ల తగ్గేది రెండూ కలుస్తాయి. ఒకే మనిషి ఒకే బాటలో రెండు రోజులు పరుగెత్తితే రెండు దూరాలు రావడం అక్కడ మామూలే. వాన మబ్బు పట్టినందుకే వాచీ చెడిపోయిందని కొందరు అంటారు. ఈ తరంగాలకు మబ్బు, వాన దాదాపు అడ్డే కాదు. తప్పు మబ్బుది కాదు, తడిసిన ఆకులది.

నాలుగోది మనకు ప్రత్యేకమైనది. సింగపూరు భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల లోపే ఉంది. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున అయనోస్ఫియర్ అనే విద్యుదావేశ పొర ఉంటుంది. సిగ్నల్ దాని గుండా వచ్చేటప్పుడు ఆలస్యం అవుతుంది. భూమధ్యరేఖ దగ్గర సూర్యాస్తమయం తర్వాత ఆ పొరలో బుడగల్లాంటివి లేచి, కొన్ని రాత్రుల్లో సిగ్నల్ మిణుకుమిణుకుమంటుంది. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టుపక్కల, సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో, ఇది పెరుగుతుంది. ఇక్కడ ఏడాది పొడుగునా ఏడు గంటల ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు. మనం పరుగుకు బయలుదేరేదీ అప్పుడే! మామూలు రోజుల్లో అయనోస్ఫియర్ చేసే తప్పు నెమ్మదిగా మారుతుంది కాబట్టి బాట మొత్తం పక్కకు జరుగుతుందే తప్ప వేగం పెద్దగా చెడదు. మిణుకు ఎక్కువైన రాత్రుల్లో మాత్రం కొన్ని ఉపగ్రహాలు వాచీకి అందకుండా పోవచ్చు.

కొత్త వాచీలు, ఫోన్లు కొన్ని రెండు తరంగాలను అందుకుంటాయి. ఎల్1 అనే పాత తరంగంతో పాటు 1176.45 మెగాహెర్ట్జ్ మీద వచ్చే ఎల్5 ను కూడా. పెట్టె మీద "డ్యుయల్ ఫ్రీక్వెన్సీ" లేదా "డ్యుయల్ బ్యాండ్" అని రాసి ఉంటుంది. రెండు తరంగాలూ అయనోస్ఫియర్‌లో వేర్వేరుగా ఆలస్యం అవుతాయి గనుక, ఆ తేడాను బట్టి తప్పును చాలావరకు తీసేయవచ్చు. ఎల్5 కొలబద్ద మీద గీతలు పది రెట్లు దగ్గరగా ఉన్నాయనుకోండి. నేరుగా వచ్చిన సిగ్నల్ ఏదో, గోడకు తగిలి వచ్చినది ఏదో దానికి బాగా తెలుస్తుంది. భవనాల మధ్య పరుగెత్తేవారికి డబ్బు పెట్టదగిన తేడా ఇది. ఈస్ట్ కోస్ట్ పార్కులో సముద్రం పక్కన మాత్రమే పరుగెత్తేవారికి అంత అవసరం లేదు.

2.4 కిలోమీటర్లలో పదిహేను సెకన్లు

ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పదిహేనేళ్ల అబ్బాయి ఒకసారి నన్ను అడిగాడు.

"టీచర్, నా వాచీలో 2.4 కిలోమీటర్లు పన్నెండు నిమిషాల్లో అయిపోతోంది. బడి మైదానంలో పరుగెత్తితే పదిహేను సెకన్లు ఎక్కువ పడుతోంది. బడి స్టాప్‌వాచీ తప్పా?"

"నువ్వు రోజూ ఎక్కడ పరుగెత్తుతావు నాన్నా?"

"కాలువ పక్కన, టీచర్. బ్లాకుల మధ్య నుంచి. రెండు అండర్‌పాసులు కూడా వస్తాయి."

లెక్క వేసి చూద్దాం. వాచీ దూరాన్ని రెండు శాతం ఎక్కువ చూపిస్తోందని అనుకోండి. 2.4 కిలోమీటర్లలో రెండు శాతం అంటే 48 మీటర్లు. వాచీ "అయిపోయింది" అని మోగినప్పుడు అతను ఇంకా 48 మీటర్లు పరుగెత్తవలసి ఉంది. కిలోమీటరుకు అయిదు నిమిషాల వేగంతో ఆ 48 మీటర్లకు పట్టేది 14 సెకన్ల పైన. స్టాప్‌వాచీలో తప్పేమీ లేదు. అబ్బాయి కాళ్లలోనూ లేదు.

ఈ పదిహేను సెకన్లు ఎందుకు ముఖ్యమో ఇక్కడ పిల్లలున్న ఇంట్లో చెప్పక్కర్లేదు. సెకండరీ బడుల్లో నాఫా పరీక్షలో 2.4 కిలోమీటర్ల పరుగు ఉంది. సైన్యంలో చేరకముందే నిర్ణీత ప్రమాణం అందుకున్న అబ్బాయిలకు జాతీయ సేవ 24 నెలలకు బదులు 22 నెలలే. తర్వాత రిజర్వు సైనికులకు ఏటా వచ్చే ఐపీపీటీలో నూరు మార్కులకు యాభై ఈ పరుగుకే. ఆ మార్కులు పది సెకన్ల మెట్లుగా ఉంటాయి. పదిహేను సెకన్ల తేడా అంటే ఒక మెట్టు తప్పకుండా పోయినట్టే. బంగారు స్థాయికి 500 డాలర్లు, వెండి స్థాయికి 300 డాలర్లు ఇస్తారు కాబట్టి ఆ మెట్టు కొందరికి డబ్బు కూడా.

వాచీని నమ్ముకుని "నేను సిద్ధం" అనుకున్న పిల్లవాడికి పరీక్ష రోజున దెబ్బ తగులుతుంది. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు, వాడు తనకు చేతకాదు అనుకుంటాడు. పరీక్షకు నెల ముందే 400 మీటర్ల ట్రాక్ మీద ఆరు చుట్లు పరుగెత్తించి, మామూలు స్టాప్‌వాచీతో సమయం చూస్తే ఈ బాధ ఉండదు. బిషాన్, చోవా చు కాంగ్ వంటి చోట్ల స్టేడియాల్లో ట్రాకులు జనానికి అందుబాటులో ఉన్నాయి.

ట్రాక్ మీద కూడా ఒక జాగ్రత్త. గుడిలో ప్రదక్షిణ చేసేటప్పుడు గర్భగుడికి దగ్గరగా నడిచేవారికి దూరం తక్కువ, బయటి వైపు నడిచేవారికి ఎక్కువ. ట్రాక్ మీదా అంతే. 400 మీటర్లు అన్నది లోపలి లేనుకు మాత్రమే. రెండో లేనులో చుట్టుకు దాదాపు 7 మీటర్లు ఎక్కువ. ఆరు చుట్లకు 40 మీటర్లు దాటుతుంది. అంటే లేను మారితే ట్రాక్ కూడా మనల్ని మోసం చేయగలదు.

మారథాన్‌లో లెక్క ఎందుకు కలవదు

సింగపూరు మారథాన్ పూర్తి చేసి వచ్చినవారిని అడగండి. "నా వాచీలో 42.195 ఎప్పుడో దాటింది, గీత మాత్రం ఇంకా దూరంగానే ఉంది" అంటారు. నిర్వాహకులు దూరం పెంచేశారని కోపం కూడా వస్తుంది.

గుర్తింపు పొందిన మారథాన్ దారిని జీపీఎస్‌తో కొలవరు. సైకిలు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న లెక్కయంత్రం బిగించి కొలుస్తారు. ముందుగా ఉక్కు టేపుతో కొలిచిన కనీసం 300 మీటర్ల గీత మీద ఆ సైకిలును పలుమార్లు నడిపి, చక్రం ఎన్ని లెక్కలకు ఎంత దూరం పోతుందో చూసుకుంటారు. తర్వాత మలుపుల్లో రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, అన్నిటికన్నా దగ్గర దారిలో తొక్కుతూ వెళ్తారు. దారి తక్కువ పడకూడదని వెయ్యికి ఒక వంతు, అంటే 42 మీటర్లు, కలుపుతారు కూడా. వేలమంది మధ్య పరుగెత్తే మనం ఆ దగ్గర దారిలో పోలేము. దానికి మన వాచీ వణుకు తోడవుతుంది. మరీనా బే భవనాల మధ్య అది ఇంకా పెరుగుతుంది. వాచీలో 42.7 వచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

ఈ పత్రికను డర్బన్‌లోని మన చుట్టాలు కూడా చదువుతారు కాబట్టి వారి ఊరి పరుగు గురించీ ఒక మాట. 1921లో మొదలైన కామ్రేడ్స్ మారథాన్ డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య దాదాపు 90 కిలోమీటర్లు సాగుతుంది. పన్నెండు గంటలకు తుపాకీ పేలుతుంది. ఆ తర్వాత గీత దాటినవారికి పతకం లేదు. 90 కిలోమీటర్లు పన్నెండు గంటల్లో అంటే కిలోమీటరుకు 8 నిమిషాలు. వాచీ ఒక్క శాతం ఎక్కువ చూపిస్తే చివరికి తేడా 900 మీటర్లు, అంటే ఏడు నిమిషాల పైన. చివరి గంటలో ఏడు నిమిషాలు అంటే ఏమిటో ఆ కొండలు ఎక్కినవారికి తెలుసు. అందుకే అక్కడ అనుభవం ఉన్నవారు దారి పక్కన ఉండే కిలోమీటరు బోర్డులను చూసి, సమయం మాత్రమే వాచీలో చూసుకోవాలి అంటాను. సమయం విషయంలో వాచీ తప్పదు. తప్పేది దూరమే.

సైకిలు మీద, నీళ్ల మీద

సింగపూరులో సైకిలు బాటల మీద, పార్క్ కనెక్టర్ల మీద వేగ పరిమితి గంటకు 25 కిలోమీటర్లు. ఫుట్‌పాత్ మీద 10. ఫోనులో 24 కనిపిస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ముందే చెప్పినట్టు ఆ అంకె ఆలస్యంగా వస్తుంది. వంతెన దిగేటప్పుడు మీ అసలు వేగం దానికంటే ఎక్కువ ఉండవచ్చు.

సైకిలుకు జీపీఎస్ కంటే నమ్మకమైనది చక్రానికి బిగించే చిన్న సెన్సర్. చక్రం ఒకసారి తిరిగితే ఎంత దూరమో దానికి తెలిస్తే చాలు. రోడ్డు సైకిలుకు అది 2.1 మీటర్ల దగ్గర ఉంటుంది. ఆ అంకెను మీరే కొలవవచ్చు. టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి, సైకిలు మీద కూర్చుని, చక్రం ఒక్క చుట్టు తిరిగేదాకా ముందుకు పోనిచ్చి, నేల మీది రెండు గుర్తుల మధ్య దూరం టేపుతో చూడండి. అండర్‌పాసు వచ్చినా, చెట్లు వచ్చినా దానికి లెక్కలేదు.

నీళ్ల మీద తెరచాప పలకతో పోయేవాళ్లు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. జీపీఎస్‌తో వేగం పోల్చుకునే విండ్‌సర్ఫింగ్ వాళ్లు ఒక్క సెకను గరిష్ఠ వేగాన్ని లెక్కలోకి తీసుకోరు. పది సెకన్ల సగటు, 500 మీటర్ల సగటు, గంట మొత్తం సగటు చూస్తారు. డాప్లర్ పద్ధతిలో వేగం రాసే పరికరాలనే ఇష్టపడతారు. సముద్రం మీద భవనాలు, చెట్లు లేవు కాబట్టి వారికి సిగ్నల్ కూడా బాగా అందుతుంది. వారి పద్ధతి మనం నేల మీదా పాటించవచ్చు.

మీ వాచీని మీరే పరీక్షించండి

మా తాతగారి తరం రబ్బరు తోటల్లో పనిచేసింది. పాలు తూచే చోట కాటా ముల్లు వైపే అందరి కళ్లూ ఉండేవని మా నాన్నమ్మ చెప్పేది. కాటా తోటవాళ్లది, అంకె రాసేదీ వాళ్లే. దాన్ని పరీక్షించే దారి పాలు మోసుకొచ్చినవారికి లేదు. ఇప్పుడు కొలత మన చేతికే ఉంది, పరీక్షించే దారి కూడా ఉంది. ఒక్క ఆదివారం ఉదయం చాలు.

ట్రాక్‌కు వెళ్లండి. వాచీ పెట్టగానే పరుగు మొదలుపెట్టకండి. ఉపగ్రహాలు దొరికాయని అది చెప్పాక కూడా ఒకటి రెండు నిమిషాలు ఆరుబయట నిలబడండి. లోపలి లేనులో ఆరు చుట్లు పరుగెత్తండి. చివర్లో వాచీ ఎంత దూరం చూపించిందో రాసుకోండి. 2.4 కి బదులు 2.45 చూపిస్తే మీ వాచీ అక్కడ రెండు శాతం ఎక్కువ చెబుతోందని అర్థం. ఒక్కసారితో తేల్చకండి, వేరే వేరే రోజుల్లో మూడుసార్లు చేయండి. ట్రాక్ మోడ్ ఉన్న వాచీ అయితే ఈ పరీక్షకు దాన్ని ఆపేయండి. అది ట్రాక్ ఆకారం ముందే తెలుసుకుని తప్పు సరిదిద్దుకుంటుంది, మీకు అసలు సంగతి తెలియదు.

తర్వాత మీరు రోజూ పరుగెత్తే బాటలో అదే చేయండి. నేల మీద దూరపు గుర్తులు ఉన్నచోట గుర్తు నుంచి గుర్తుకు చూడండి. లేనిచోట ఒకే బాటను అయిదు రోజులు పరుగెత్తి అయిదు దూరాలు పక్కపక్కన రాయండి. అవి దగ్గర దగ్గరగా ఉంటే వాచీ అక్కడ నిలకడగా ఉంది. నిన్నటితో ఈరోజును పోల్చుకోవచ్చు. చెల్లాచెదురుగా ఉంటే ఆ బాటలో వేగం అంకెను పక్కన పెట్టి, ఈ చెట్టు నుంచి ఆ వంతెన దాకా ఎన్ని నిమిషాలు పట్టింది అన్నదే చూసుకోండి. రైల్ కారిడార్ వంటి తిన్నని దారిలో, ఆకాశం తెరిచి ఉన్న భాగాల్లో, వాచీ అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది.

సెట్టింగుల్లో మూడు చూడండి. చోటును ప్రతి సెకనూ రాసుకునేలా పెట్టండి. ఒకటి కంటే ఎక్కువ దేశాల ఉపగ్రహాలను అందుకునేలా పెట్టండి. తెర మీద "ఇప్పటి వేగం" తీసేసి "ఈ కిలోమీటరు సగటు" పెట్టుకోండి. మూడో మార్పుకు బ్యాటరీ కూడా ఖర్చు కాదు, మనసుకూ ప్రశాంతం.

పిల్లలున్న ఇళ్లవారికి చివరి మాట. పరీక్షకు తయారయ్యే అబ్బాయికి గానీ అమ్మాయికి గానీ కొత్త వాచీ కొనేముందు, వారంలో ఒక్క రోజు ట్రాక్‌కు తీసుకెళ్లండి. చేతిలో పది డాలర్ల స్టాప్‌వాచీ ఉంటే సరిపోతుంది. మీరు గీత దగ్గర నిలబడి చుట్టు చుట్టుకూ సమయం గట్టిగా చెప్పండి. ఆరో చుట్టు చివర వచ్చే అంకెకు ఉపగ్రహాల సాక్ష్యం అక్కర్లేదు. పరీక్ష రోజున కాగితం మీద రాసేది కూడా అదే అంకె.